హక్కు ఉంది సరే, కాగితం ఏదీ?

నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి ఒకటే మూలం: అధికారి నోటితో ఏదో చెప్పారు, చేతికి కాగితం ఇవ్వలేదు. అందుకే జవాబుల్లో ఎక్కడ ఏ కాగితం అడగాలో, ఎన్ని రోజుల్లో అడగాలో వివరంగా ఇస్తున్నాం. రాసినవారి పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: అన్నిటికంటే రాజ్యాంగమే పైన అని చదువుకున్నాం. కానీ మెజారిటీ ఉన్న ప్రభుత్వం జీవో ఇస్తే అది అమలైపోతోంది కదా సార్. ఆపేదెవరు? ఎట్లా ఆపుతారు? (డిగ్రీ విద్యార్థి, కందుకూరు)

జవాబు: దీనికి మీ ఊరితో ముడిపడిన ఉదాహరణే ఉంది. 2022 డిసెంబరు 28న కందుకూరులో జరిగిన రాజకీయ సభలో తొక్కిసలాటకు ఎనిమిది మంది బలయ్యారు. నాలుగు రోజులకే గుంటూరులో మరో తొక్కిసలాట జరిగింది. ఆ వెంటనే, 2023 జనవరి 2న, రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబర్ 1 ఇచ్చింది. రహదారుల మీద, రోడ్ల పక్కన సభలు, ర్యాలీలకు అరుదైన సందర్భాల్లో తప్ప అనుమతి ఉండదన్నది దాని సారాంశం. ఆధారంగా చూపింది 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. జీవోను హైకోర్టులో సవాలు చేశారు. 2023 మే 12న ధర్మాసనం దాన్ని కొట్టేసింది.

ప్రాణాలు కాపాడాలన్న ఉద్దేశాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. అయితే కోర్టు చూసేది ఉద్దేశం ఒక్కటే కాదు. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు 19(1)(బి) అధికరణం ఇచ్చింది. దాన్ని ఏ కారణాలతో పరిమితం చేయవచ్చో 19(3) చెప్పింది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, ప్రజాశాంతి. ఆంక్షకు వెనక చట్టం ఉండాలి, కారణం ఈ జాబితాలో ఉండాలి, అవసరానికి మించి ఉండకూడదు. 30వ సెక్షన్ ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి ఉన్నది. దారి మార్చమనవచ్చు, వేళ మార్చమనవచ్చు. మొత్తానికే వద్దనడం వేరే సంగతి.

ప్రాథమిక హక్కులను హరించే చట్టం చెల్లదని 13వ అధికరణం చెబుతుంది. జీవోలు, ఉత్తర్వులు, నోటిఫికేషన్లు కూడా అందులోని ‘చట్టం’ కిందికే వస్తాయి. మీ జీవితాన్ని తాకేవాటిలో అసెంబ్లీ చేసిన చట్టాల కంటే ఇవే ఎక్కువ. వీటి మీద 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టుకు, 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. ఇక రాజ్యాంగాన్నే సవరించేస్తే? 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7–6 తేడాతో తేల్చిన విషయం ఇదే: పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. ఆ ఒక్క ఓటు మీదే ఇవాళ్టికీ మన హక్కులు నిలబడి ఉన్నాయి.

ఆచరణలో దెబ్బతినేది ఎక్కడంటే, సభ పెట్టుకోవాలనుకున్నవాళ్లు డీఎస్పీ ఆఫీసుకు వెళ్లి అడుగుతారు, ‘కుదరదు’ అంటారు, తిరిగొచ్చేస్తారు. హైకోర్టుకు వెళితే మొదట అడిగేది ‘తిరస్కరణ ఉత్తర్వు ఏదీ?’ అని. కాబట్టి దరఖాస్తులో తేదీ, వేళ, దారి, వచ్చే జనం అంచనా, బాధ్యుల ఫోన్ నంబర్లు రాసి వీలైనంత ముందుగా ఇవ్వండి. నకలు మీద అందినట్టు ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి. తిరస్కరిస్తే కారణాలతో రాతపూర్వకంగా ఇమ్మని అదే దరఖాస్తు చివర రాయండి. ఊళ్లో ‘144 పెట్టారు’ అని ఇప్పటికీ అంటుంటారు. 2024 జులై 1 నుంచి అది, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్. ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి అమల్లో ఉండదు. పొడిగించాలంటే రాష్ట్ర ప్రభుత్వమే చేయాలి, అదీ మరో ఆరు నెలల వరకే. ఉత్తర్వు ప్రతిని బయటపెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2020లో అనూరాధా భసీన్ కేసులో చెప్పింది.

జీవో 1 మీద తీర్పుకు నాలుగు నెలలు పట్టింది. అది చిన్న ఆలస్యం కాదు. అయినా గుమిగూడే హక్కు విలువ ఈ ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడంతో రాజుకున్న ఉద్యమమే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధానికి దారి తీసింది.

ప్రశ్న: పొలం గట్టు తగాదాలో మావాణ్ని సాయంత్రం స్టేషన్‌కు పిలిపించారు. మర్నాడు రాత్రి దాకా కూర్చోబెట్టి పంపారు. కేసేమీ లేదన్నారు. ఫోను మాత్రం వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. మళ్లీ రమ్మంటున్నారు. పంపించాలా వద్దా? (ఒక తండ్రి, పొదిలి)

జవాబు: పంపండి, కానీ నోటీసు అడిగి పంపండి. పోలీసులు మనిషిని పిలిపించడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (ఈ జవాబులోని సెక్షన్లన్నీ అందులోవే) ముఖ్యంగా రెండు దారులున్నాయి. సాక్షిగా అయితే 179వ సెక్షన్ కింద, నిందితుడిగా అయితే 35(3) కింద. రెండూ రాతపూర్వకమే. నోటీసులో కేసు నంబరు, సెక్షన్లు, రావాల్సిన తేదీ, వేళ ఉండాలి. కేసే లేదంటే పిలిపించడానికి ఆధారమూ లేనట్టే. 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, ఆడవాళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు. వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి.

35(3) నోటీసు వస్తే భయపడి ఊరు విడిచిపోవద్దు. చాలామంది అక్కడే తప్పు చేస్తున్నారు. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అలవాటుగా అరెస్టు చేయవద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. గట్టు తగాదాల్లో పెట్టే సెక్షన్లు సాధారణంగా ఈ పరిధిలోనే ఉంటాయి.

ఇక ‘ఊరికే కూర్చోబెట్టాం’ అన్న మాట. లేచి ఇంటికి వెళ్లే స్వేచ్ఛ లేకుండా కూర్చోబెడితే అది నిర్బంధమే, రికార్డులో అరెస్టని రాసినా రాయకపోయినా. 22వ అధికరణం ప్రకారం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టే వేళ మాత్రమే ఇందులోంచి మినహాయింపు. ఆదివారం, పండగ అన్న మాట చెల్లదు. అలాంటి రోజుల్లో మేజిస్ట్రేటు ఇంటి దగ్గరే హాజరుపరుస్తారు.

అరెస్టే చేస్తే మీరు అడగాల్సిన కాగితాలు ఇవి. ఒకటి అరెస్టు మెమో. అందులో తేదీ, వేళ ఉంటాయి, ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం చేస్తారు. చదవకుండా సంతకం పెట్టొద్దు, ముఖ్యంగా వేళ చూడండి. ముందు రోజు సాయంత్రం తీసుకెళ్లి మర్నాడు పొద్దున అరెస్టు చేసినట్టు రాసే అలవాటు ఉంది. అప్పుడు ‘నిన్న సాయంత్రం 6 గంటల నుంచి స్టేషన్‌లోనే ఉన్నాడు’ అని సంతకం పైన రాసి సంతకం చేయండి. రెండోది, అరెస్టుకు కారణాలు. వాటిని నిందితుడికి తెలిసిన భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని కేసులకూ వర్తించేలా చెప్పింది. అక్కడికక్కడ రాయడం కుదరకపోతే ముందు నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం ఇవ్వాలి. మనవాళ్లకు అది తెలుగులో ఉండాలి. మూడోది, వైద్య పరీక్ష నివేదిక. దెబ్బలుంటే డాక్టరుకు చూపించి రాయించాలి, మేజిస్ట్రేటుకు నోటితోనూ చెప్పాలి. పక్కన పోలీసులున్నారని చెప్పకుండా వచ్చేస్తే తర్వాత నిరూపించడం చాలా కష్టం.

మనిషి ఇంకా స్టేషన్‌లోనే ఉండి, కేసు లేదంటుంటే ఆలస్యం చేయొద్దు. ఎస్పీ ఆఫీసుకు ఈమెయిల్, వాట్సాప్ రెండూ పంపండి: పేరు, ఏ స్టేషన్, ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, ఎవరు చూశారు. నాలుగు వాక్యాలు చాలు. ఆ సందేశం వెళ్లిన వేళే తర్వాత మీ సాక్ష్యం. ఆపైన లాయరు ద్వారా స్థానిక మేజిస్ట్రేటు కోర్టులో 100వ సెక్షన్ కింద సెర్చ్ వారెంటు అడగవచ్చు. అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికి తెచ్చే వారెంటు అది. చాలా కోర్టుల్లో అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు నియమించిన లాయరును, స్టేషన్‌కు పంపిస్తారు. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ పిటిషన్ ఎటూ ఉంది, కానీ పొదిలి నుంచి అమరావతికి వెళ్లి లాయరును చూసుకునే లోపల ఇది దగ్గరి దారి. ఒకసారి మేజిస్ట్రేటు రిమాండుకు పంపాక మామూలుగా హెబియస్ కార్పస్ నిలవదు, బెయిలు దారి చూసుకోవాలి.

జరిగిపోయిన నిర్బంధానికి రుజువు సీసీ కెమెరా. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను 18 నెలలు, అది సాధ్యం కాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫలానా తేదీ ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ప్రవేశ ద్వారం, వరండా, లాకప్ కెమెరాల దృశ్యాలు చెరిపేయకుండా ఉంచమని ఎస్పీకి ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఫోను సంగతి: తీసుకుంటే స్వాధీన పంచనామా ఉండాలి, మేజిస్ట్రేటుకు నివేదిక వెళ్లాలి. రెండూ లేవు కాబట్టి ఫోను తిరిగి ఇమ్మని ఐఎంఈఐ నంబరు, కొన్న బిల్లు జతచేసి సీఐకి అర్జీ ఇవ్వండి. ఇవ్వకపోతే 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును అడగండి.

లాయరు ఫీజుకు వెనకాడుతున్నామని రాశారు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దక్కుతుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా ఒంగోలు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

ప్రశ్న: చీటీలు కట్టించుకున్నామె మా వీధిలో పదిమందికి ఎగ్గొట్టింది. నాకు రావాల్సింది 4 లక్షలు. స్టేషన్‌కు పోతే ‘ఇది సివిల్ మ్యాటరమ్మా, కోర్టుకు పొండి’ అంటున్నారు. (గృహిణి, కనిగిరి)

జవాబు: అమ్మా, అప్పు తీర్చలేకపోవడం ఒక్కటే నేరం కాదు. ఆ మేరకు వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. కానీ మోసం చేయాలని ముందే అనుకుని డబ్బు తీసుకున్నా, ఒక పనికి నమ్మి ఇచ్చిన డబ్బు సొంతానికి మళ్లించుకున్నా నేరమే. పైగా రిజిస్ట్రేషన్ లేకుండా చీటీలు నడపడమే 1982 చిట్ ఫండ్ల చట్టం కింద నేరం. మీ ఫిర్యాదు ‘నా డబ్బు ఇప్పించండి’ అని మొదలైతే సివిల్ అంటారు. చీటీ ఎప్పుడు మొదలైంది, ఎందరు సభ్యులు, నెలకు ఎంత, ఎవరెవరు పాడుకున్నారు, పాట డబ్బు ఇవ్వకుండా ఎన్ని నెలలు తిప్పింది, ఈలోగా ఏ ఆస్తి కొనింది లేదా అమ్మింది, ఎప్పుడు ఇంటికి తాళం పెట్టింది, ఇలా వరసగా రాయండి. చీటీ పుస్తకం, ఫోన్‌పే చెల్లింపుల ప్రతులు జతచేయండి. పదిమందీ విడివిడిగా సంతకం చేసిన ఫిర్యాదులు ఇస్తే ఒక పెద్ద ఉమ్మడి అర్జీ కంటే గట్టిగా ఉంటుంది.

కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం, ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. డబ్బు లావాదేవీల తరహా ఫిర్యాదుల్లో ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని అదే తీర్పు చెప్పింది. కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173(3) ప్రకారం మూడేళ్లు, అంతకు మించి, ఏడేళ్లకు తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో చేసే విచారణ 14 రోజుల్లో ముగియాలి. కాబట్టి ‘ఎంక్వైరీలో ఉంది’ అన్న జవాబు నెలల తరబడి చెల్లదు. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితం. స్టేషన్ పరిధి మాది కాదన్నా ‘జీరో ఎఫ్ఐఆర్’ కట్టి పంపాలి.

కట్టకపోతే ఫిర్యాదు సారాంశాన్ని 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం మంచిదే, కానీ అదొక్కటే సరిపోతుందనుకోకండి. పోస్టు రసీదు, అందినట్టు వచ్చే కార్డు దాచుకోండి. అయినా కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్, ప్రమాణపత్రంతో. ప్రమాణపత్రం లేకపోయినా, ఎస్పీకి పంపిన రుజువు లేకపోయినా పిటిషన్ వెనక్కి వస్తుంది. ఇక్కడ ఓడిపోయేవి ఎక్కువగా ఈ కారణాలతోనే.

ప్రశ్న: మా పక్క ఊళ్లో టీ కొట్టులో మావాళ్లకు ఇప్పటికీ వేరే గ్లాసులు. ప్రైవేటు కొట్టు మీద రాజ్యాంగం పనిచేస్తుందా? (దర్శి ప్రాంతం)

జవాబు: పనిచేస్తుంది. ప్రాథమిక హక్కుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. 15(2), 17, 23 అధికరణాలు మాత్రం మనుషులందరినీ కట్టడి చేస్తాయి. హోటల్లో వాడే గ్లాసులు, పాత్రల విషయంలో వివక్ష 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. బాధితులు ఎస్సీలైతే, అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలని 12వ సెక్షన్ చెబుతోంది. కాదని నిరూపించుకోవాల్సింది కొట్టు యజమాని. వేర్వేరు గ్లాసులు ఒకే చోట కనిపించేలా ఫోటో, తేదీ, ఇద్దరు సాక్షుల పేర్లతో ఫిర్యాదు చేయండి. అంతకు మించి కులం పేరుతో అవమానించినా, దాడి చేసినా 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. 1985 జులై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద జరిగిన దారుణం ఆ చట్టం అవసరాన్ని దేశం ముందు పెట్టిన ఘటనల్లో ఒకటి. ఈ ప్రాంతం వాళ్లు ఆ చట్టాన్ని వాడుకోవడానికి వెనకాడకూడదు.

ప్రశ్న: మా బడికి రావాల్సిన యానాది పిల్లలు రొయ్యల గుంటల దగ్గరే ఉంటున్నారు. తల్లిదండ్రులు 40 వేలు అడ్వాన్సు తీసుకున్నారట, అది తీరేదాకా కదలడానికి లేదంటున్నారు. ఇది వెట్టి కిందికి వస్తుందా? ఎవరికి చెప్పాలి? (టీచరు, నెల్లూరు జిల్లా తీర మండలం)

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి వస్తుంది. గొలుసులతో కట్టేస్తేనే వెట్టి అనుకుంటారు. అడ్వాన్సుకు బదులుగా మనిషి వేరే చోట పని చూసుకోలేకపోతే, ఇష్టమొచ్చిన చోటికి పోలేకపోతే, కనీస వేతనం అందకపోతే, 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అది వెట్టే. ఆ చట్టం 23వ అధికరణానికి చేతులూ కాళ్లూ ఇచ్చింది. అడ్వాన్సు అప్పు చట్టరీత్యా రద్దయిపోతుంది, కట్టాల్సిన పని లేదు. అది వెట్టి అప్పు కాదని నిరూపించాల్సిన భారం యజమానిదే. బాధితులు ఎస్టీలు కాబట్టి 1989 చట్టం 3(1)(హెచ్) కూడా వర్తిస్తుంది.

ఆర్డీవోకు లేదా సబ్ కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, కలెక్టరుకు ప్రతి పంపండి. గుంటలు ఎక్కడున్నాయో గూగుల్ మ్యాప్ గుర్తు, ఎన్ని కుటుంబాలు, పిల్లల వయసులు, ఎన్నాళ్ల నుంచి ఉన్నారు, వారానికి చేతికి ఎంత ఇస్తున్నారు, సంతకు గానీ ఆస్పత్రికి గానీ వెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలి, ఈ వివరాలు ఉండాలి. చివరి రెండూ అన్నిటికంటే ముఖ్యం, వెట్టిని మామూలు కూలి పని నుంచి వేరుచేసేవి అవే. మీ పేరు బయటపెట్టవద్దని అందులోనే అడగవచ్చు. ముందుగా యజమానితో మాట్లాడి చూద్దామనుకోవద్దు. అధికారులు వచ్చేసరికి కుటుంబాలను వేరే గుంటలకు మార్చేస్తారు.

అధికారులు వచ్చాక కూడా పని చెడిపోయే చోట్లు ఉన్నాయి. యజమాని ఎదురుగానే వాంగ్మూలం తీసుకుంటే ‘మాకు ఏ ఇబ్బందీ లేదు దొరా’ అనే చెబుతారు. అందుకే గుంట దగ్గర కాకుండా వేరే చోటికి తీసుకెళ్లి, ఒక్కొక్కరిని విడిగా, వాళ్లకు నమ్మకమున్న మనిషి పక్కనుండగా అడగాలి. మరొకటి, ‘కూలి బకాయి తగాదా’ అని రాసి కొంత డబ్బు ఇప్పించి ముగించేస్తారు. అలా ముగిస్తే విడుదల పత్రం రాదు, అది లేకపోతే పునరావాసం రాదు. ప్రతి మనిషికీ, భార్యకు విడిగా భర్తకు విడిగా, విడుదల పత్రం ఇవ్వాలి. తక్షణ సాయంగా ఒక్కొక్కరికి 30 వేల వరకు ఇస్తారు, యజమానికి శిక్ష పడేదాకా ఆగాల్సిన పని లేదు. ఆ తర్వాతి పునరావాస సాయం పురుషులకు లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో 3 లక్షలు. బ్యాంకు ఖాతా, ఆధార్ లేవన్న కారణంతో ఇది ఏళ్ల తరబడి ఆగిపోతుంటుంది. విడుదల రోజునే ఆధార్ నమోదు, కుల ధ్రువీకరణ, రేషన్ కార్డుకు దరఖాస్తులు పెట్టించమని ఫిర్యాదులోనే కోరండి. పని లేకుండా, గూడు లేకుండా వదిలేస్తే రెండు నెలలకు మళ్లీ అదే గుంట దగ్గరికి చేరతారు. టీచరుగా మీరు చేయగలిగిన గొప్ప పని, ఆ పిల్లల పేర్లు బడి రిజిస్టరులోంచి తీసేయకుండా ఉంచడం.

ప్రశ్న: భూసేకరణలో మా ఎకరాకు అవార్డు (అధికారులు తేల్చిన పరిహారం) తక్కువ వచ్చింది. చెక్కు తీసుకుంటే ఇక కోర్టుకు పోలేమంటున్నారు, నిజమా? (రైతు, ఉలవపాడు)

జవాబు: మామూలుగా సంతకం పెట్టి తీసుకుంటే నిజం. ‘ఆక్షేపణకు లోబడి తీసుకుంటున్నాను’ అని రసీదు మీదే మీ చేత్తో రాసి తీసుకుంటే కాదు. 2013 భూసేకరణ చట్టం 77వ సెక్షన్‌లోనే ఈ రక్షణ ఉంది. ఆపైన పరిహారం పెంచమని 64వ సెక్షన్ కింద కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడ ఉంటే గడువు ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన నాటి నుంచి ఆరు వారాలు, అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఈ రెంటిలో ముందు వచ్చేది. లెక్కలో భూమి విలువతో పాటు చెట్లు, బోరు, పైపులైను వేశారో లేదో, ఆ మొత్తం మీద నూటికి నూరు శాతం సొలేషియం (అదనపు పరిహారం) కలిపారో లేదో చూడండి. ఉలవపాడు వైపు మామిడి తోటలే ప్రధానం కాబట్టి చెట్ల వయసు, కాపు లెక్క తప్పుగా పడితే నష్టం పెద్దది.

ప్రశ్న: మా ఊళ్లో సైడు కాలువ సగంలో ఆగింది, బిల్లు మాత్రం పూర్తిగా తీసుకున్నారని చెప్పుకుంటున్నారు. ‘పని ఎందుకు ఆపారు? బాధ్యులెవరు?’ అని సమాచార హక్కు కింద అడిగాను. మీరు అడిగింది సమాచారం కాదని తిప్పి పంపారు. (కోవూరు మండలం)

జవాబు: తిప్పి పంపడం బాధాకరమే, కానీ చట్టం వాళ్ల వైపే ఉంది. 2005 చట్టం కింద దక్కేది ఆఫీసులో ఉన్న రికార్డు. కారణం విడమర్చి చెప్పమంటే, అభిప్రాయం అడిగితే ఇవ్వక్కర్లేదు. మీకు కావాల్సిన జవాబు కాగితాల్లోనే ఉంది, ఆ కాగితాలను పేరు పెట్టి అడగండి. ఇలా రాయండి:

‘ఫలానా వీధి సైడు కాలువ పనికి సంబంధించి పరిపాలనా అనుమతి, అంచనా, ఒప్పంద పత్రం, కొలతల పుస్తకం (ఎం-బుక్)లో ఈ పని కొలతలున్న పేజీలు, బిల్లులు, చెల్లింపు ఉత్తర్వులు, నాణ్యత తనిఖీ నివేదిక, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించండి. రికార్డులను స్వయంగా చూసుకోవడానికి కూడా అనుమతి ఇప్పించండి.’

ఎం-బుక్‌లో 180 మీటర్లని ఉండి, వీధిలో టేపు పెడితే 90 వస్తే ఇక ‘ఎందుకు’ అని అడగక్కర్లేదు. అర్జీ ఎందుకో చెప్పాల్సిన పనీ లేదు, 6(2)లో ఆ మాట స్పష్టంగా ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకలుకు పేజీకి 2 రూపాయలు. రికార్డు చూసుకోవడానికి మొదటి గంట ఉచితం. పని చేయించింది పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగమైతే ఎం-బుక్ పంచాయతీలో ఉండదు. అలాంటప్పుడు ‘మా దగ్గర లేదు’ అనకుండా అర్జీని 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకు బదిలీ చేయాలి.

గడువు 30 రోజులు. దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు. అది 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో తేలాలి. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25 వేల దాకా కమిషన్ జరిమానా వేయవచ్చు. చాలామంది మొదటి అప్పీలు వదిలేసి మళ్లీ కొత్త అర్జీ పెడుతుంటారు. దానివల్ల లెక్క మొదటికొస్తుంది, అధికారికి జరిమానా భయం పోతుంది.

ప్రశ్న: పని కోసం చెన్నైలో ఉంటున్నాం, ఓటు ఒంగోలులోనే. ఈసారి జాబితాలో పేరు లేదు. అడిగితే ‘వలస వెళ్లారని తీసేశాం’ అన్నారు. (ఒంగోలు)

జవాబు: పేరు తీసేయమని కోరే ఫారం 7 ఎవరో పెట్టి ఉంటారు, లేదా పరిశీలనలో తీసేసి ఉంటారు. ఎలా తీసేసినా ముందుగా మీకు నోటీసు ఇచ్చి, మీ మాట వినాలి. నోటీసు ఏ చిరునామాకు, ఏ తేదీన పంపారో, ఎవరికి అందిందో చూపించమని ఓటర్ల నమోదు అధికారిని రాతపూర్వకంగా అడగండి. తొలగింపు ఉత్తర్వు మీద 15 రోజుల్లో కలెక్టరుకు, ఆయన నిర్ణయం మీద 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు ఉంది. ఒంగోలు ఇల్లు మీ మామూలు నివాసంగా ఉందనడానికి కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, అక్కడే ఉంటున్న కుటుంబ సభ్యుల ఓట్లు చూపించండి. కొన్నాళ్లు పని మీద బయట ఉన్నంత మాత్రాన మామూలు నివాసం పోదు. అయితే కుటుంబమంతా చెన్నైలోనే స్థిరపడి ఉంటే ఓటు అక్కడికి మార్చుకోవడమే సరైనది, దానికి ఫారం 8.

అప్పీలుతో పాటు, పేరు నమోదు చేయమని కోరే ఫారం 6 కూడా పెట్టేయండి. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో ఏ మార్పూ చేయడానికి వీల్లేదు, అప్పుడు ఏ కోర్టుకు వెళ్లినా ఆ ఎన్నికలో ఓటు దక్కడం దుర్లభం. జాబితాలో పేరుండి, మీకంటే ముందే మీ పేరున ఎవరో ఓటేసి పోతే మాత్రం వెనుదిరగవద్దు. గుర్తింపు కార్డు చూపించి టెండర్డ్ ఓటు అడగండి. యంత్రం మీద కాకుండా కాగితం బ్యాలెట్ ఇస్తారు, మీ పేరు ఫారం 17బీలో రాసి సంతకం తీసుకుంటారు.